కంచె మీద మెట్లు

వింటర్‌బరో,
8 సెప్టెంబరు 2024

కోటిరత్నం అత్తా,

ఫోన్లో నువ్వు "ఆఁ, ఆఁ" అంటుంటే నీకు వినపడిందో లేదో తెలియక నేను అరవడం, పక్క గదిలోంచి జోన్ పరుగెత్తుకొచ్చి "ఇండియాలో ఎవరికైనా ఏమైనా అయిందా" అని అడగడం, ఇదంతా ఇక వద్దు. నువ్వన్నట్టే చేద్దాం. కాగితం మీద రాసుకుందాం, ఫోటో తీసి పంపుకుందాం. నీ చెవి బాగాలేకపోతేనేం, దస్తూరీ నాకంటే బాగుంది.

జోన్ అంటే నేను అద్దెకున్న ఇంటావిడ. డెబ్భై దాటాయి. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల ఇంటింటికీ ఉత్తరాలు పంచడమే. ఇప్పుడు పంచే పని లేకపోయినా కాళ్ళు ఆగడం లేదట, పొద్దున్నే బూట్లు వేసుకుని చేలల్లోకి పోతుంది. ఈ ఇంగ్లండు ఊరు మన దర్శిలో సగం కూడా ఉండదు. మధ్యలో రాళ్ళు పరిచిన బజారు, గురువారం గురువారం సంత, ఒక చర్చి, నాలుగు వీధులు. నాలుగో వీధి చివర చేలు మొదలు. గుంటూరు కాలేజీలో పిల్లలకి బొమ్మలు గీసి చెప్పిన మొక్కలన్నీ ఇక్కడ కంచెల్లో నిజంగా నిలబడి ఉన్నాయి. పరిశోధన పేరుతో ఆరు నెలలు వీటి మధ్య తిరగడమే నా పని అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

అసలు సంగతి చెప్తాను. వీధి చివర ఒక ఆకుపచ్చ బోర్డు ఉంది. దాని మీద "కాలిబాట" అని రాసి బాణం వేశారు. ఆ బాణం ఎటు చూపిస్తోందనుకున్నావు? తిన్నగా కోసేసిన గోధుమ చేలోకి! చుట్టూ కంచె, కంచె మీద రెండు చెక్క మెట్లు, అటు దిగితే చేను నడుమ నుంచి సన్నగా దారి. ఎవరిదో చేను. నేను మెట్ల దగ్గర నిలబడిపోయాను. ఎవరైనా వచ్చి "ఎవరమ్మా నువ్వు" అంటే ఏం చెప్పాలి? గుంటూరులో బోటనీ చెప్తాననా? బోర్డు పాతదేమో, ఇప్పుడు చెల్లదేమో, ఈ ఊరివాళ్ళకేనేమో. వెనక్కి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాను. తర్వాత రోజు కుక్కను పట్టుకుని ఒక పెద్దాయన చేలోంచి వస్తూ, కంచె దిగి, నన్ను చూసి, ఎక్కడానికి వీలుగా కుక్కని పక్కకి లాగాడు. నేను ఎక్కుతాననే అనుకున్నాడు! ఇక ఎక్కక తప్పింది కాదు.

ఎక్కాను అత్తా! దిగాను! చేనంతా నడిచాను! అవతల కంచెనిండా నల్లటి పళ్ళు, బ్లాక్‌బెర్రీలు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా తెంపుకోవచ్చట. వేళ్ళన్నీ ఊదారంగు అయ్యేదాకా తిన్నాను.

నీ మిరప నాట్లు అయ్యాయా? నల్లపాడులో ఇంటి దగ్గర మా ఆయన రోజూ పెసరట్టు వేసుకుంటున్నానంటున్నాడు. నమ్మను.

వేళ్ళకి రంగు ఇంకా వదలని,
జ్యోతిర్మయి


17 సెప్టెంబరు

ఒసే జ్యోతీ,

పరాయివాళ్ళ చేలో నడిచొచ్చి అంత సంబరంగా రాస్తావేంటే? మన ఊళ్ళో మిరప తోటలో కొత్త మనిషి కాలుపెడితే ముందు అరుపు, పేరు అడిగేది ఆ తర్వాత. పళ్ళు కూడా తెంపావంట. ఆ పెద్దాయన మంచోడు కాబట్టి సరిపోయింది, లేకపోతే కుక్కని వదిలేవాడు.

అయినా నడిచి ఎక్కడికి వెళ్ళావో రాయలేదు. రెండుసార్లు చదివాను. ఎక్కడికీ వెళ్ళలేదు! వెళ్ళి వెనక్కొచ్చావు! పనిలేకుండా పొలాల వెంట తిరగడమేంటే? నిద్ర పడుతోందా? మీ ఆయనతో ఏమన్నా మాటామాటా వచ్చిందా? బస్సు డబ్బులు మిగుల్చుకుందామని కాళ్ళు అరగదీస్తున్నావా? ఏదైనా సరే నాకు రాయి.

నాట్లు అయ్యాయి. అయ్యాయంటే ఎట్లా అయ్యాయో నాకు తెలుసు. మా అమ్మ పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలకి ఈ ఏడు దారి లేదు. రోడ్డు మీద నుంచి మన చేనికి పోయే బండి దారి ఉండేది కదా, పొరుగు చేనువాళ్ళు దాన్ని దున్ని అందులో కూడా మిరప పెట్టేశారు. పెట్టి ముళ్ళకంప అడ్డం కట్టారు. నారు కట్టలన్నీ వాగు వైపు నుంచి చుట్టూ తిప్పి నెత్తి మీద మోయించాను. మోకాలి లోతు నల్లరేగడి బురద. ఒక్కో అడుగుకీ చెప్పుని భూమి పట్టుకుంటుంది.

నాటు గడిచింది, కోత ఎట్లాగో తెలియడం లేదు. కోతల మేస్త్రి సుబ్బరావమ్మ తెలుసుగా నీకు. అది నిన్న అరుగు మీద కూర్చుని మొహం మీదే చెప్పింది. "రత్నమ్మా, వాగు చుట్టూ తిరిగి రమ్మంటే మా ఆడోళ్ళు రారు. సగం పొద్దు నడకకే పోతే కాయ ఎప్పుడు కోస్తాం?" అంది. దాని తప్పేముంది. కాయ పండి, కోసే చెయ్యి లేక చెట్టునే ఎండి తాలయిపోతే చూసే ఓపిక నాకు లేదు. మీ మామయ్య పోయాక నన్ను మనిషిగా నిలబెట్టింది ఆ చేను. కోతలు మొదలయ్యేలోపు దారి రాకపోతే వదిలేస్తాను. ఇదే చివరి పంట.

ఎవరు మూశారని అడగబోకు. నువ్వు చదువుకున్నదానివి, నీ పని చూసుకో.

నీ అత్త
కోటిరత్నం


వింటర్‌బరో,
6 అక్టోబరు

అత్తా,

నాకు నిద్ర బాగా పడుతోంది, మా ఆయనతో గొడవేం లేదు, బస్సు ఉంది. ఇక్కడ నడవడమంటే నడవడమే. సినిమా చూసొచ్చినవాణ్ణి ఏం పట్టుకొచ్చావు అని అడగముగా, అట్లాంటిదే ఇది.

నీ చేను సంగతి చదివి ఒళ్ళు మండిపోయింది. అందుకే నిన్న నేను చూసింది నీకు చెప్పితీరాలి. నేను మొదట నడిచిన గోధుమ చేను గుర్తుందా? దాన్ని ట్రాక్టరుతో దున్నేశారు. దారి లేదు! ఈ కొస నుంచి ఆ కొసకి మట్టిగడ్డలే. చూడగానే నువ్వు గుర్తొచ్చావు. ఇక్కడ కూడా అంతేనన్నమాట, బోర్డు బోర్డే, నాగలి నాగలే అనుకుని ఏడుపు మొహంతో జోన్‌కి చెప్పాను. ఆవిడ కెటిల్ దించకుండా "మళ్ళీ వేస్తాడులే, వెయ్యాలి" అంది. ఇవాళ వెళ్ళి చూద్దును కదా, ఆ రైతు విత్తనం వేశాక అదే ట్రాక్టరు చక్రాన్ని దారి ఉన్నచోటే తొక్కించుకుంటూ పోయాడు! దున్నిన చేలో చక్రం గీసిన గీత, బొట్టు పెట్టినట్టు! నేను దాని మీద చేతులు ఊపుకుంటూ నడిచాను. చేను అతనిదే, పంట అతనిదే. దారి మాత్రం నడిచేవాళ్ళది. ఆ దారి వెయ్యకపోతే అతనికే నోటీసు వస్తుంది. కౌలుకిచ్చానండీ, నాకు తెలియదండీ అంటే కుదరదట.

జోన్‌కి ఒక గుంపు ఉంది. అంతా ముసలివాళ్ళే. ఈ చుట్టూ ఉన్న దారుల్లో ప్రతిదాన్నీ ఏడాదికి ఒక్కసారైనా నడిచొస్తారు. పని ఉండీ కాదు, సరదాకీ కాదు. నడవకపోతే దారి మాసిపోతుందని.

ఇక నీ దారి మూసినవాడెవరో నువ్వు చెప్పక్కర్లేదు. రోడ్డు పక్క చేను శ్రీకృష్ణది. వాళ్ళ నాన్న రోజుల్లోనే ఆ గట్టు చెక్కి మా తాతతో గొడవపడ్డం నాకు తెలుసు. వీడు నాతో పాటు దర్శిలో చదువుకున్నవాడు, నా పెన్సిలు తీసుకుని ఇవ్వనివాడు. పొరుగున ఒక ఆడమనిషి ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటుంటే ఆవిడ దారిలో మొక్కలు పెట్టడానికి మనసెట్లా వచ్చింది? ఆసామి అన్నవాడు తన చేలో ఏ దారి ఉందో కూడా చూసుకోకపోతే సిగ్గుపడాలి.

వదిలేస్తానని మాత్రం అనకు. నువ్వు ఆ చేలోంచి వచ్చేటప్పుడు నీ ఒంటికుండే ఆ ఘాటు వాసన నాకు చిన్నప్పటి నుంచీ అత్త వాసన.

గురువారం సంతలో జున్నులాంటిది పాతిక రకాలు అమ్ముతారు. ఒకటి రుచి చూశాను. గోంగూరలో పడితే బాగుండేది. అది వేరే ఉత్తరం.

చక్రం గీత మీద నడిచొచ్చిన,
జ్యోతి


20 అక్టోబరు

అమ్మాయ్,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. ట్రాక్టరు చక్రంతో దారి వేశాడా! తన చేలో తనే! ఆ రైతుకి నా తరఫున ఒక దణ్ణం పెట్టు. ఫోటో తీసి పంపించు, సుబ్బరావమ్మకి చూపించాలి, అది నమ్మడం లేదు. "నీ మేనకోడలు నిన్ను ఊరడించడానికి కథలు రాస్తోంది" అంటోంది.

శ్రీకృష్ణ మీద పడబోకు. ఎవరి మీదా పడబోకు. మూసినవాళ్ళు చెడ్డోళ్ళు కాదు. చూసుకోరు, అంతే. సిగ్గు గిగ్గు అని పెద్ద మాటలు ఎందుకు.

ఇక్కడ తుపాను వాన పట్టుకుంది. వాగు వైపు దారి కూడా పోయింది. మందు కొట్టే మనిషిని తీసుకుపోవడానికే చచ్చినంత పనైంది. ఆకు ముడత కనపడుతోంది. రోజూ పోయి చూడాల్సిన రోజులు, వారానికొకసారి పోతున్నాను.

నేను అడిగేదానికి సరిగ్గా జవాబు రాయి. ఆ కంచె మీద మెట్లన్నావే, అవి ఎట్లా ఉంటాయి? కంచెకి ఆనుకుని ఉంటాయా, విడిగా ఉంటాయా? పట్టుకోవడానికి ఏమన్నా ఉంటుందా? గేదె ఎక్కదా? చీర కట్టుకున్న మనిషి ఎక్కగలదా? నెత్తి మీద బరువుంటేనో? కంచె పీకకుండా, ఒక్క ముల్లు కదలకుండా మనిషి మాత్రం దాటొచ్చునా? బొమ్మ వెయ్యి. బోటనీ బొమ్మలాగా భాగాలన్నీ పేర్లు రాసి వెయ్యి.

ఎందుకని అడగబోకు.

అత్త


వింటర్‌బరో,
10 నవంబరు

అత్తా! అత్తా!

ఎందుకని అడగనక్కర్లేదు, నాకు తెలిసిపోయింది! ఎక్కగలనా, చీరతో కుదురుతుందా, పట్టుకోవడానికి ఉంటుందా అని అన్నిసార్లు అడిగితే తెలియకపోతుందా? నువ్వు ఇక్కడికి రావాలనుకుంటున్నావు! నాతో చెప్పడానికి మొహమాటపడ్డావు! నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను. జోన్‌కి చెప్తే పై గది సర్దేస్తానంది. వీసాకి ఏం కావాలో కనుక్కున్నాను. కోతలు అయ్యాక ఫిబ్రవరిలో వచ్చెయ్యి. మంచులోంచి తెల్లపూలు పైకొస్తాయట అప్పుడు. నీకు బూట్లు కొంటాను. చీర మీద బూట్లు!

బొమ్మ రెండో కాగితంలో వేశాను. రెండు వైపులా రెండు గుంజలు, కంచెకి అడ్డంగా దూర్చిన పలక ఒకటి, దానికి పైన ఇంకొకటి. ఒక గుంజ ఎత్తుగా ఉంటుంది, పట్టుకోవడానికి. గేదె ఎక్కదు, గొర్రె ఎక్కదు, మనిషి ఎక్కుతుంది. కంచె కదలదు. చీరతో నేనే ఎక్కి చూపించాను! పండగకని తెచ్చుకున్న వెంకటగిరి చీర కట్టుకుని వెళ్ళాను. జోన్ చప్పట్లు కొట్టింది, ఆవులు మేత మానేసి చూశాయి. నెత్తి మీద జోన్ సంచి కూడా పెట్టుకుని ఎక్కాను. పడలేదు.

మొన్న కాలవ గట్టు వెంట నడిచాం. పొగమంచులో పడవలు, వాటి పొగగొట్టాల్లోంచి కట్టెల పొగ. వాడరేవు సముద్రం ఒడ్డున తెల్లారి పడవలు తిరిగొస్తుంటే నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకునేదానివే, ఆ పొద్దు గుర్తొచ్చింది. ఒక దూడల చేలోంచి పోతుంటే అవన్నీ మా వెంటపడ్డాయి. నేను పరుగు, జోన్ నవ్వు.

ఇంకొక మాట. నువ్వు వద్దన్నావు, అయినా ఉండబట్టలేకపోయాను. శ్రీకృష్ణ నంబరు బడి స్నేహితుల గ్రూపులో ఉంది. వాడికి రాశాను. "కృష్ణా, చేను నీదైనంత మాత్రాన దారి నీదైపోదు. ఆడకూతురి అన్నం మీద కంప వేశావు. అద్దంలో నీ మొహం ఎట్లా చూసుకుంటున్నావు?" అని. పంపాక ఎక్కువైందేమోనని అనిపించింది. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే నేనే వెనక్కి తగ్గినట్టవుతుందని ఉంచేశాను. ఇంకా జవాబు లేదు. సిగ్గుపడుతున్నాడేమో.

నీ రాక కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ,
జ్యోతి


24 నవంబరు

ఏమే,

నేను ఇంగ్లండు వస్తానని ఎప్పుడు రాశానే? ఏ వాక్యంలో రాశాను? మంచులో పూలు చూడటానికి నాకు బూట్లంట! మెట్ల బొమ్మ అడిగింది మన కంచె మీద వేయించడానికి. నువ్వు బొమ్మ పంపిన రోజే వడ్రంగి ఆదాం దగ్గరికి తీసుకుపోయాను. తుమ్మ చెక్కతో చేస్తానన్నాడు. బొమ్మ తలకిందులుగా పట్టుకుని, "ఇటొకటి చాలదా అమ్మా, అటువైపు మెట్టు ఎందుకు, ఎక్కినవాడు దిగడా?" అన్నాడు. "దిగడురా, దూకుతాడు, దూకితే మొక్క మీద పడతాడు" అన్నాను. ఒప్పుకున్నాడు.

అది అట్లా ఉంచు. శ్రీకృష్ణ వచ్చాడు. ఫోన్ పట్టుకుని, నా చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తూ వచ్చాడు. నాకు వినపడింది. వీధి మొత్తానికీ వినపడింది.

"పిన్నీ, మీ మేనకోడలు నన్ను లండన్ నుంచి తిట్టింది! చదువుకున్న తిట్లు! సగం నాకు అర్థం కాలా!"

"ఏమందిరా?"

"నీ దారి నేను మూశానంట! అద్దం చూసుకోమంది!"

"నువ్వెక్కడ మూశావురా!"

"అదేగా నేననేది! నా గట్టు పక్కన నీ దారి ఇప్పటికీ చక్కగా ఉంది. ఉంటే ఏం లాభం, ముందుకెళ్తే కంప. ఆ కంప ఎవరి చేలో ఉందో చెప్పు దానికి! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్తానన్నాను. నీ పెన్సిలు వాడి దగ్గర లేదంట, అది కూడా రాయమన్నాడు.

జ్యోతీ, మంచినీళ్ళు తాగి చదువు. కంప ఉన్నది నీ చేలో.

రోడ్డు నుంచి దారి ముందు శ్రీకృష్ణ గట్టు పక్కన పోతుంది, ఆ తర్వాత మీ నాన్న చేను అంచున పోయి నా చేలో పడుతుంది. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ దాని గురించి మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. "అక్క బండికి నాలుగు సాళ్ళు వదలండిరా" అని తనే పాలేరుకి చెప్పేవాడు. ఆయన పోయాక చేను నీకొచ్చింది, నువ్వు బుల్లయ్యకి కౌలుకిచ్చావు. పోయినేడు కౌలు పెంచమన్నావు. నువ్వు కౌలు పెంచావు, వాడు సాళ్ళు పెంచుకున్నాడు.

నేను ముందే ఎందుకు చెప్పలేదంటావు. నీకు తెలిసే జరిగిందేమోనని ఒక పక్క అనుమానం. తెలిసి చేయించావంటే నా దగ్గర మాట లేదు. తెలియదంటే, మీ నాన్న నోటిమాట పట్టుకుని నీ చేలో వాటా అడుగుతున్నానని నువ్వనుకుంటే ఎట్లా? ఏదైనా నాకు కష్టమే. అడగకుండా ఉంటే నువ్వన్నా మిగులుతావనుకున్నా. అందుకే కంచె తీయమనడం మానేసి కంచె దాటే ఉపాయం చూసుకున్నాను. నువ్వు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఆ ఆసామిని తిడుతుంటే, చదువుతూ నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కాయ రంగు తిరుగుతోంది.

కోపం పెట్టుకోకు,
అత్త


వింటర్‌బరో,
1 డిసెంబరు

అత్తా,

నాకు తెలియదు. మొదట ఇది రాయాలి. నాకు తెలియదు.

కానీ తెలియకపోవడం ఎట్లా జరిగిందో నిన్నంతా ఆలోచించాను. నాన్న పోయాక నేను ఆ చేనుని ఎప్పుడూ రోడ్డు మీద కారాపుకునే చూశాను. అద్దం దించి, పచ్చగా ఉంది అనుకుని, గుంటూరు వెళ్ళిపోయేదాన్ని. లోపలికి ఒక్కసారీ అడుగుపెట్టలేదు. ఇక్కడికొచ్చి ఎవరెవరి చేలో నడిచానో నాకు లెక్కలేదు. పేరు కూడా తెలియని రైతులు వదిలిన దారుల మీద చేతులు ఊపుకుంటూ నడిచి, వాళ్ళెంత గొప్పవాళ్ళో నీకు ఉత్తరాలు రాశాను. నడవాల్సిన చేను ఒక్కటే నడవలేదు. సిగ్గుపడాలని ఎవరి గురించి రాశానో ఇప్పుడు తెలిసింది.

నిన్న పొద్దున బూట్లు వేసుకుని మళ్ళీ మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను. మొదటి రోజులాగే. నేనెవరిని ఎక్కడానికి, అనిపించింది. జోన్‌కి సంగతంతా చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "అయితే నీకు అదృష్టమే, తీయాల్సింది నువ్వే కదా, ఎవర్నీ బతిమాలక్కర్లేదు" అంది. అత్తా, ఆ మాటకి నాకు ఒక్కసారిగా ఊపిరొచ్చింది! నిజమే! ఇన్నాళ్ళూ ఎవడితో పోరాడాలా అని ఊగిపోయాను. పోరాడాల్సింది నాతోనే, నేను ఒప్పుకున్నాను, అయిపోయింది!

వెంటనే బుల్లయ్యకి ఫోన్ చేశాను. పాపం, అతనూ కంగారుపడ్డాడు. "అమ్మగారూ, రత్నమ్మగారు ఒక్క మాట అడగలేదండీ. ఆవిడ మీ మేనత్త కదా, మీరూ మీరూ మాట్లాడుకునే ఉంటారనుకున్నా. ఆవిడకి ఇక ఆ దారి అక్కర్లేదేమో అనుకున్నానండీ" అన్నాడు. చూశావా, నేను చెప్పి చేయించానని నువ్వు, నువ్వు వద్దనుకున్నావని అతను, శ్రీకృష్ణ చేశాడని నేను. కంప తీసెయ్యమన్నాను, బండి వెడల్పున మొక్కలు పీకెయ్యమన్నాను. ఆ సాళ్ళ మేరకి ఈ ఏడు కౌలు వద్దన్నాను, వచ్చే ఏడూ వద్దు.

శ్రీకృష్ణకి క్షమించమని రాశాను. "పెన్సిలు మాత్రం నేనే తీశాను, పిన్నితో అబద్ధం చెప్పా" అని జవాబిచ్చాడు.

ఇంకొకటి. నేను మార్చిలో రాగానే దర్శి వెళ్దాం. ఆ దారిని నీ పేరున రిజిస్టరు చేయిస్తాను. ఎవరి నోటిమాట మీదా నువ్వు ఆధారపడక్కర్లేదు. కాదనకు.

ఈసారి సంతకం పెట్టడానికి కూడా వెనకాడుతూ,
నీ జ్యోతి


29 డిసెంబరు

జ్యోతీ, బంగారుకొండా,

సిగ్గుపడాలన్నావు, పడ్డావు, చాలు. ఇక లే. నాకు కబుర్లు చాలా ఉన్నాయి, చెయ్యి ఆగడం లేదు.

నీ ఫోన్ వెళ్ళిన మర్నాడే బుల్లయ్య కొడవలి పట్టుకుని మొక్కలు నరకడానికి వచ్చాడు. నేను పరుగెత్తుకుపోయి అడ్డం నిలబడ్డాను. ఒక్కో మొక్క నా నడుం దాకా ఉంది, ఎర్రగా విరగకాసి, పైన పూత. "కాపు మీదున్న చెట్టు మీద చెయ్యి వేస్తావంట్రా!" అన్నాను. "మీ కోడలుగారు పీకమన్నారండీ!" అన్నాడు. "అది చదువుకున్నది, అట్లాగే అంటుంది. నువ్వు రైతువి, నీకేమైంది?" అన్నాను. కొడవలి కింద పెట్టేశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు కూడా చూశాను, వాడు ఒప్పుకోడులే. ఆఖరి కోత అయ్యాక చెట్లు పీకేటప్పుడు బండి దారి వదిలేస్తాడు. అందాకా కంప కూడా ఉండనిమ్మన్నాను. గేదెలు పడతాయి మరి.

మరి కోతకెట్లా అంటావా? ఆదాం మెట్లు ఉన్నాయిగా!

నిన్న మొదటి కోత. పొద్దున్నే సుబ్బరావమ్మ ముఠాని వెంటబెట్టుకుని వచ్చి మెట్ల ముందు నిలబడి, "రత్నమ్మా, ఇది ఎక్కాలా, దీనికి దణ్ణం పెట్టాలా?" అంది. ఎక్కమన్నాను. కొంగు బిగించి ఎక్కింది. ఎక్కింది దిగదే! పైన పలక మీద నిలబడి "ఓయమ్మో, ఇక్కణ్ణించి దర్శి కనపడుతోందే!" అని కేక. దర్శీ లేదు గిర్శీ లేదు, శ్రీకృష్ణ పత్తి చేను కనపడింది దానికి. ఇక చూసుకో, ఒక్కొక్కతీ పైన ఆగి దర్శి చూడటమే. ఆ తర్వాత బుల్లయ్య సాళ్ళ మధ్యన ఒకరి వెనక ఒకరు, చీరలు దగ్గరికి పట్టుకుని, పక్క కొమ్మ తగలకుండా నడిచారు. సాయంత్రం పండు కాయ మూటలు నెత్తిన పెట్టుకుని అదే దారిన తిరిగొచ్చారు. నువ్వు వెంకటగిరి చీరలో ఎక్కితే ఆవులు చూశాయన్నావు. ఇక్కడ ఊరు ఊరంతా వచ్చి చూసింది. బుల్లయ్య గట్టు మీద కూర్చుని ఒక్కో మూటకీ ఊపిరి బిగబట్టాడు. ఒక్క కొమ్మ విరగలేదు.

కల్లానికి రోడ్డు పక్క జాగా శ్రీకృష్ణ ఇచ్చాడు. తిట్లు తిన్నవాడే జాగా కూడా ఇచ్చాడని రాయమన్నాడు. రాశాను. పట్టాల మీద కాయ ఆరబోశాను. ఇప్పుడు ఇంటి ముందు నుంచి చూస్తే ఎర్రగా కనపడుతోంది. చేను వదిలేస్తానని ఎవరన్నారు? నేనా? నాకు గుర్తులేదు.

ఇక రిజిస్టరు సంగతి. వద్దు. కాదనకన్నావు, కాదంటున్నాను. నా పేరున రాస్తే అది నాదవుతుంది. నాదైతే రేపు నా తర్వాతవాళ్ళు ఎవరో దాన్ని దున్ని మొక్కలు పెడతారు, కంప వేస్తారు. నువ్వు రాశావే, మీ జోన్ గుంపు ఏడాదికొకసారి ప్రతి దారినీ నడిచొస్తారని, అది బాగుంది. నువ్వు అది చెయ్యి. ఏడాదికొకసారి నల్లపాడు నుంచి బయల్దేరి వచ్చి, రోడ్డు మీద కారాపి, కారులోంచి దిగి, నీ చేను అంచున నడిచి నా చేలోకి రా. పని ఉండక్కర్లేదు. ఎక్కడికెళ్ళావని నేను అడగను. కల్లం దగ్గర మాత్రం చెప్పులు విప్పు, నీ ఇంగ్లండు బూట్లయినా సరే.

మెట్ల పక్కన నీ చేలో ఒక మొక్క ఉంది. దాన్ని కొయ్యొద్దని బుల్లయ్యకి చెప్పాను. నీ నల్ల పళ్ళలాగా, దారిన పోయేవాళ్ళు మజ్జిగన్నంలోకి నాలుగు కాయలు తెంపుకుంటారని. ఇవాళ పొద్దున వెళ్ళి చూస్తే ఒక కొమ్మ ఖాళీగా ఉంది. ఎవరో తెంపుకుపోయారు.

నేను అరవలేదు. పేరు కూడా అడగలేదు.

చేతుల మంట తగ్గాక ఇంకా రాసే,
నీ రత్నం అత్త